సైకిల్ తొక్కేవాళ్ళకి నువ్వు చెప్పే మాట

తల్లీ,

ట్రాఫిక్ ఎస్సైగా హైదరాబాద్‌లో పోస్టింగ్ వచ్చిందని, సైకిల్ తొక్కేవాళ్ళకి జాగ్రత్తలు చెప్పే పని నీకే అప్పగించారని అమ్మ ఫోన్ చేసింది. ముందు ఏం చెప్పకూడదో రాస్తాను.

"అంచుకు పో" అనకు. కానిస్టేబుల్‌గా ఉన్నప్పుడు రోజూ అనేవాణ్ణి. ఓ తెల్లవారుజామున పేపర్లు వేసే కుర్రాడు నా ఈల విని ఎడమకి జరిగాడు. అక్కడ డ్రైనేజీ జాలీ ఉంది, కమ్మీలు రోడ్డు పొడవునే ఉన్నాయి. ముందు చక్రం సందులో దిగిపోయింది. మణికట్టు పట్టుకుని లేస్తూ "మీరే చెప్పారు కద సార్" అన్నాడు. ఆ గొంతులో కోపం కూడా లేదు. యూనిఫాం వేసుకుని మనం ఏమన్నా వాళ్ళకి ఆర్డరే తల్లీ. అందుకే ఆ రోడ్డు మీద ముందు నువ్వే ఓ పూట సైకిల్ తొక్కు.

ఎడమ పక్కన వెళ్ళాలన్నది రూలే. అంచుకి మూరెడు వదిలి వెళ్ళమను. ఆగి ఉన్న కార్ల పక్కన రెండు మూరలు వదలాలి, తలుపు ఎప్పుడు తెరుస్తారో తెలీదు.

లారీ సంగతి నోటితో చెబితే ఎక్కదు. మన దగ్గర స్టీరింగ్ కుడివైపు. సిగ్నల్ దగ్గర ఎడమ పక్కన చేరిన సైకిల్ డ్రైవర్ కంట పడదు, బండి ఎడమకి తిరిగితే వెనక చక్రాలు లోపలికి కోసుకొస్తాయి. ఓ లారీ ఆపించి, వచ్చినవాళ్ళని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టు. ఎడమ తలుపు కింద సైకిల్‌తో ఒకరిని నిలబెట్టి, కనిపిస్తున్నాడా అని అడుగు. లారీ డ్రైవర్లనీ పిలువు. జాగ్రత్తంతా సైకిల్ మీదున్నవాడి నెత్తిన వేస్తే అన్యాయం.

ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పున్న సైకిల్ ట్రాక్ మీద తిరిగేవాళ్ళు పిలిస్తే వస్తారు. నైట్ డ్యూటీ వాచ్‌మన్, ఫ్లాస్కు కట్టుకుని టీ అమ్మేవాడు, అడ్డా కూలీ రారు. వాళ్ళ దగ్గరికి నువ్వే వెళ్ళు. హెల్మెట్ మంచిదని చెప్పు, ఫైను పేరుతో మాత్రం బెదిరించకు. మోటారు వాహనాల చట్టంలో ఆ నిబంధన మోటార్ సైకిళ్ళకే. ఎర్ర రిఫ్లెక్టర్ టేపు జీపులో పెట్టుకుని, వెనక మడ్‌గార్డుకి జానెడు ముక్క నీ చేత్తోనే అంటించు. నీ సిబ్బంది ఎవరైనా సైకిల్ గాలి తీస్తే ఊరుకోకు. ఆ కూలీకి ఆ పూట పని పోతుంది.

చెప్పి వచ్చేస్తే కాదు. ఏ జాలీ ప్రమాదమో ఫొటో తీసి జీహెచ్ఎంసీకి రాయి, జాలీ మార్చేదాకా వెంటపడు. ప్రమాదం జరిగితే సైకిల్ తొక్కినవాడు ఆసుపత్రిలో ఉంటాడు, స్టేషన్‌కి ముందొచ్చేది కారు నడిపినవాడి మాట. "సైకిల్ అడ్డం వచ్చింది" అన్నంత మాత్రాన రాసేయకు. ఆసుపత్రికి వెళ్ళి మంచం పక్కన కూర్చుని అవతలి మాటా విను.

ఆదివారం ఇంటికి రా. నా పాత సైకిల్‌కి బ్రేకు వైర్లు మార్పించి ఉంచాను, తీసుకెళ్దువు గాని.

మామయ్య