పెద్దల ఆరోగ్య యాప్‌లు: పెద్దలను ఎప్పుడు పిలవాలి?

ప్రశ్న: మేము నలుగురం కలిసి రక్తపోటు రీడింగులు రాసుకోవడానికి, మాత్రల వేళలు గుర్తుచేయడానికి ఒక యాప్ తయారుచేశాం. అరవై దాటినవారి కోసం కనుక అక్షరాలు పెద్దవి పెట్టాం, బటన్లు తగ్గించాం. విడుదలకు ముందు పదిమంది పెద్దలకు చూపిస్తే అందరూ బాగుందన్నారు. తీరా మూడు వారాలు గడిచేసరికి వారిలో ఇద్దరే వాడుతున్నారు. ఈసారి పెద్దలతో కలిసే రూపొందించాలనుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని

జవాబు: విడుదలకు ముందు చూపించామని రాశారు. అప్పటికే ఏ సమస్యను పరిష్కరించాలో, ఏ స్క్రీన్ తర్వాత ఏది రావాలో అన్నీ మీరే తేల్చేశారు. గోడలు లేచి రంగులు కూడా పూసిన తర్వాత గుమ్మం ఎటు ఉంటే బాగుంటుందని అడిగితే, మర్యాద తెలిసినవారెవరైనా బాగుందనే అంటారు. ప్రజల భాగస్వామ్యాన్ని 8 మెట్ల నిచ్చెనగా చూపిస్తూ అమెరికన్ విధాన విశ్లేషకురాలు షెర్రీ ఆర్న్‌స్టీన్ 1969లో రాసిన వ్యాసంలో సంప్రదింపు 4వ మెట్టు, నిర్ణయాలను కలిసి పంచుకునే భాగస్వామ్యం 6వ మెట్టు. అడిగి ఊరుకోవడాన్ని ఆమె నామమాత్రపు భాగస్వామ్యం కిందే లెక్కగట్టారు. మీరు చేసింది ఆ 4వ మెట్టు దగ్గరి పని.

కాబట్టి ఈసారి స్క్రీన్ అనేదే లేని రోజున పెద్దలను పిలవండి. "యాప్‌లో ఏం కావాలి?" అని అడగకుండా, వారు రక్తపోటు ఎలా చూసుకుంటున్నారో, ఆ అంకెలను ఎక్కడ రాసుకుంటున్నారో చూపించమనండి. చాలామంది దగ్గర ఒక నోటుపుస్తకం ఉంటుంది. అందులో అంకె పక్కన "రాత్రి నిద్ర లేదు", "మెట్లెక్కి వచ్చాక చూశాను" వంటి మాటలు కనిపించవచ్చు. చూసుకునే ముందు అయిదు నిమిషాలు వీపుకు ఆనుడు పెట్టుకుని కూర్చోవాలని, పాదాలు నేలకు ఆనించాలని, చేయి గుండె ఎత్తులో ఉండాలని, ఒక నిమిషం ఎడంతో కనీసం రెండుసార్లు చూడాలని వైద్యులు చెబుతారు. రెండు అంకెలు వేయడానికి గళ్లు ఇచ్చి, రెండో రీడింగుకు గానీ పక్కన రాసిన ఆ మాటకు గానీ చోటివ్వని యాప్ ఆ నోటుపుస్తకం కంటే వెనకబడినట్టే లెక్క. పైగా అంకె హద్దు దాటగానే స్క్రీన్ ఎర్రబడితే, కంగారుపడి మళ్లీ మళ్లీ చూసుకునేవారు కొందరైతే, ఇక చూసుకోవడమే మానేసేవారు కొందరు. మీకు దూరమైన ఎనిమిదిమందిలో ఈ రెండు రకాలవారూ ఉన్నారేమో కనుక్కోండి.

మాత్రల సంగతి ఇంకా చిక్కైనది. అభివృద్ధి చెందిన దేశాల్లో సైతం దీర్ఘకాలిక వ్యాధులకు చికిత్సను చెప్పినట్టు పాటించేవారు సగటున 50 శాతమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003 నివేదికలో పేర్కొంది. మరచిపోవడం ఇందుకు ఒక కారణం మాత్రమే. మాత్ర పడకపోవడం, ఖర్చు, ఒంట్లో బాగానే ఉంది కదా ఎందుకన్న ఆలోచన, ఏది ఎందుకో తెలియకపోవడం కూడా కారణాలే. ఇవేవీ గంట మోగిస్తే తీరేవి కావు. మొదటే కూర్చుని మాట్లాడి ఉంటే, మీ పెద్దల్లో కొందరికి కావలసింది గంట కాదనీ, డాక్టరును అడగాల్సిన ప్రశ్నలు రాసిపెట్టుకునే చోటనీ తేలేదేమో. గంట కావలసినవారికి కూడా ఎనిమిది కొట్టగానే మోగడం కంటే "టిఫిన్ తర్వాత" అన్నది దగ్గరగా ఉంటుంది. ఆ రోజు టిఫిన్ ఆలస్యమైతే "మీరు మాత్ర వేసుకోలేదు" అని గద్దించే యాప్‌ను ఎవరైనా ఎన్నాళ్లు భరిస్తారు?

ఇక కలిసి గీయడం గురించి. కాగితం, అట్టముక్కలు, స్కెచ్ పెన్నులు చాలు. 1981లో స్కాండినేవియాలో మొదలైన యుటోపియా ప్రాజెక్టులో పత్రికల అచ్చుపనివారు, పరిశోధకులు కలిసి భవిష్యత్తు యంత్రాలను ఊహించినప్పుడు, ఒక ఖాళీ అట్టపెట్టె మీద లేజర్ ప్రింటర్ అని రాసి బల్ల మీద పెట్టుకుని పని జరిపించి చూసుకున్నారు. అట్టపెట్టెను పక్కకు జరపడానికి ఎవరికీ మొహమాటం ఉండదు. నిగనిగలాడే స్క్రీన్‌ను తప్పుపట్టడానికి ఉంటుంది.

ఆ మొహమాటమే మీకు అన్నిటికంటే పెద్ద అడ్డంకి. పిల్లలు కష్టపడి చేశారన్న అభిమానంతో పెద్దలు లోపం చెప్పరు, ఆగిపోయిన చోట "నాకే చేతకాలేదమ్మా" అంటారు. ఆ మాట వినబడిన ప్రతిసారీ అది యాప్ లోపమని రాసుకోండి. ఇది మేం చేసిందని చెప్పకండి. ఒకటి చూపించి నచ్చిందా అనే బదులు మూడు నమూనాలు పరచి, వారి స్నేహితులను ఏది ఇబ్బంది పెడుతుందో చెప్పమనండి. "నిన్న సాయంత్రం మాత్ర వేసుకోలేదని దీనికి తెలియజేయండి" అని పని అప్పగించి, వేలు గాలిలో ఆగిపోయినా సరే నోరు మెదపకండి. మీరు సాయం చేసిన క్షణంలో మీకు తెలియవలసింది దాగిపోతుంది. కొడుకులు, కూతుళ్లు పక్కన ఉంటే జవాబులు వారే చెబుతారు కనుక వారితో విడిగా మాట్లాడండి.

ఒక్కో విడతకు నలుగురైదుగురు, గంటో గంటన్నరో, మధ్యలో విరామం, వారికి అలవాటైన చోటు, వారి సొంత ఫోన్లు ఉంటే సరిపోతుంది. ఫోనులో ఆరితేరినవారినే కాక స్మార్ట్‌ఫోన్ వద్దన్నవారిని, చేయి వణికేవారిని, వినికిడి తగ్గినవారిని కూడా పిలవాలి. వారి సమయానికి పారితోషికం, రానుపోను ఖర్చులు ముందే బడ్జెట్‌లో పెట్టండి. అయితే పెద్దలు అడిగినవన్నీ చేర్చేయడం కలిసి రూపొందించడం కాదు. మరచిన మాత్రను తర్వాతి మాత్రతో కలిపి వేసుకోమని యాప్ చెప్పాలని ఎవరైనా కోరవచ్చు. అది ప్రమాదకరం కనుక వైద్యులు కానీ నర్సు కానీ ఆ బల్ల దగ్గరే కూర్చోవాలి. ఏ సూచన తీసుకున్నారో, ఏది ఎందుకు కుదరలేదో తర్వాతి విడతలో వారికి ముఖాముఖి చెప్పండి. చెప్పకపోతే మూడో విడతకు ఎవరూ రారు.

ప్రశ్న: నాకు 72 ఏళ్లు, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి. మధుమేహం యాప్ ఒకటి తయారుచేస్తున్నవారు తమ బృందంలో చేరమన్నారు. సాంకేతిక పరిజ్ఞానం బొత్తిగా లేని నావల్ల వారికి ఏం ఉపయోగం? ఒప్పుకునే ముందు ఏమైనా అడగాలా?
– ఒక పాఠకుడు

జవాబు: సాంకేతిక పరిజ్ఞానం వారి దగ్గర ఉంది. మధుమేహంతో రోజు గడపడం మీకు తెలుసు. వారికి లేనిది అదే కనుక వెళ్లండి. వెళ్లేముందు మాత్రం మొదటగా అడగవలసింది, మీరు చెప్పినదానివల్ల మారగలిగేది ఏమైనా మిగిలి ఉందా అన్నది. అన్నీ ఖాయమయ్యాయని జవాబు వస్తే వారికి కావలసింది మీ సలహా కాదు, మీ ఫొటో. తర్వాత మీ రీడింగులు ఎక్కడ దాస్తారు, ఎవరెవరు చూస్తారు, మధ్యలో తప్పుకుంటే వాటిని చెరిపేస్తారా అని అడిగి, జవాబులు రాతపూర్వకంగా తీసుకోండి. మీ రీడింగులు పిల్లల ఫోనుకు కూడా వెళ్లే ఏర్పాటు ఉంటే, దానికి ఒప్పుకోవడమూ, ఒప్పుకున్నాక ఆపడమూ మీ చేతిలోనే ఉండాలి. పిల్లలకు బెంగ ఉండటం సహజమే కానీ, పండక్కి తిన్న మిఠాయి లెక్క వారికి ఆ క్షణాన్నే చేరాలా వద్దా అన్నది మీరు తేల్చుకోవలసిన విషయం. ఈ మాట తయారీదారులతో బృందంలోనే చెప్పండి, వారికి తట్టకపోయి ఉండవచ్చు.

ప్రశ్న: అక్షరాలు పెద్దవి చేస్తే చాలదా? ఇంత తతంగం అవసరమా?
– మరో పాఠకురాలు

జవాబు: పెద్ద అక్షరాలు అవసరమే, కానీ వాటితో తీరేది కొంతే. వయసుతో కంటిపాప చిన్నదై, కటకం పసుపుబారడం వల్ల అరవై ఏళ్లవారి కంటి లోపలి పొరకు చేరే వెలుగు ఇరవై ఏళ్లవారికి చేరేదాంట్లో సుమారు మూడో వంతే. అందుచేత తెల్లటి నేపథ్యం మీద లేత బూడిదరంగు అక్షరం ఎంత పెద్దదైనా అలికినట్టే ఉంటుంది. వెబ్ ప్రమాణాలు మామూలు అక్షరానికి, నేపథ్యానికి మధ్య వెలుగులో కనీసం 4.5:1 వ్యత్యాసం అడుగుతాయి, అక్షరాలను 200 శాతానికి పెంచినా ఏదీ తెగిపోకూడదంటాయి. వినికిడిలో ముందు తగ్గేది సన్నని, హెచ్చు స్థాయి ధ్వని కనుక కీచుమనే గంట కంటే కాస్త బొంగురు గంట మేలు. పొడిబారిన వేలిని స్క్రీన్ ఒక్కోసారి గుర్తించదు, వణికే వేలు రెండుసార్లు తాకుతుంది. ఇవన్నీ పుస్తకం చూసి సరిదిద్దుకోవచ్చు. టిఫిన్ ఆలస్యమైన రోజు సంగతి మాత్రం ఆ ఇంటివారే చెప్పాలి.