కత్తెర మాత్రం ముట్టుకోకు

పాలకొల్లు

చిట్టితల్లికి,

పర్షియన్ పిల్లిని తెచ్చుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. "దాని ఉద్యోగానికే టైం చాలట్లేదు, ఇక ఆ బొచ్చుపిల్లికి చాకిరీ ఎవరు చేస్తారే అక్కా" అని ఒకటే గోల. నాకు సంబరంగానూ ఉంది, గుబులుగానూ ఉంది. చిన్నప్పుడు సెలవులకొస్తే మా పిల్లి జున్నుని చంక దించేదానివి కాదు. ఫోన్లో చెబితే "సరే పెద్దమ్మా, సరే" అంటూ సగమే వింటావు. అందుకే రాస్తున్నాను.

గోళ్లు రెండు మూడు వారాలకోసారి తియ్యి. చివరి కొన వరకే. లోపల గులాబీ రంగులో కనిపించేచోట రక్తనాళం ఉంటుంది. చెవుల్లోకి ఇయర్ బడ్స్ దూర్చకు. ఈ జాతికి చప్పిడి ముక్కు, కళ్లలో నీరు లోపలికి సరిగా దిగక బయటికి కారుతుంది. రోజూ గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన దూదితో తుడిస్తే చాలు.

దువ్వడం మాత్రం రోజూ చెయ్యాలి, ఆదివారం చూద్దాంలే అంటే కుదరదు. స్టీలు దువ్వెనలు రెండు కొనుక్కో. ముందు దూరం పళ్లది, తర్వాత దగ్గర పళ్లది. అందరూ వీపు దువ్వేసి పని అయిపోయిందనుకుంటారు. చిక్కు పడేది చంకల్లో, చెవుల వెనక, పొట్ట మీద, తొడల వెనక. రాలిన వెంట్రుకలు నువ్వు తియ్యకపోతే అది నాకి మింగేస్తుంది, తర్వాత ఉండలుగా కక్కుతుంది.

ఇప్పుడు మీ పెదనాన్న సంగతి. నేను రాస్తున్నానని తెలిసి "అది కూడా రాయాలా?" అన్నారు. రాయాలి.

ఆ ఏడాది శ్రావణంలో పెళ్లిళ్లకని ఊళ్లు తిరిగి వచ్చాం. జున్నుని అప్పగించి వెళ్లినవాళ్లు తిండైతే బాగా పెట్టారు గానీ ఒక్కరోజూ దువ్వలేదు. వచ్చి చూస్తే చంకల్లో బొచ్చు కొబ్బరి పీచులా అట్టలు కట్టేసింది. మీ పెదనాన్న ముందు దానికి స్నానం చేయించారు, తడిస్తే మెత్తబడుతుందని. చిక్కు తీయకుండా తడిపితే ఇంకా బిగిసిపోతుందని అప్పుడు మాకెవరికీ తెలీదు. ఆరేసరికి ఆ ఉండలు రాయిలా అయ్యాయి. ఇక కత్తెర తీశారు. ముప్ఫై ఏళ్లు టైలరింగ్ చేసిన చెయ్యి, చీర అంచు మీద నూలు పోగు తేడా రానివ్వని మనిషి, ఆయనకి అడ్డేమిటి అని నేనూ ఊరుకున్నాను. ఉండని పట్టి పైకి లాగి, కింద కత్తెర పెట్టి టక్కున కత్తిరించారు.

పిల్లి చర్మం చాలా పల్చన. బొచ్చు పట్టి లాగితే దాంతోపాటు గుడారంలా పైకి లేస్తుంది. ఏది బొచ్చో ఏది చర్మమో కంటికి తెలీదు. జున్ను పెద్దగా అరవనూ లేదు, రక్తమూ పెద్దగా రాలేదు. సాయంత్రం ఎత్తుకుంటే చంక కింద జేబులా తెరుచుకుని ఉంది. ఆటోలో డాక్టరు దగ్గరికి పరిగెత్తాం. ఆయన మత్తిచ్చి కుట్లు వేసి, మిగతా ఉండల్ని మిషన్‌తో తీసేశారు. మీ పెదనాన్న ఆ రాత్రి అన్నం ముట్టలేదు. ఈరోజుకీ పిల్లి గదిలో ఉంటే కత్తెర బయటికి తియ్యరు.

ఉండ కనిపిస్తే దాని మొదలు దగ్గర రెండు వేళ్లతో పట్టుకో, లాగినప్పుడు చర్మానికి నొప్పి తెలీకుండా. కాస్త మొక్కజొన్న పిండి చల్లి వేళ్లతో విడదీస్తూ, కొసల నుంచి కొంచెం కొంచెంగా దువ్వుకుంటూ రా. రాకపోతే వదిలేసి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. తోక కింద బొచ్చుకి మలం అంటుకుంటుంది, అక్కడ పొట్టిగా చేయించడం కూడా ఆయనకే వదిలెయ్యి.

స్నానం నెలకోసారి చాలు, పిల్లుల షాంపూతోనే. అసలు పని ఆ తర్వాతే. మన గోదావరి జిల్లాల వానాకాలంలో గుడ్డలే రెండు రోజులకి ఆరవు, ఆ బొచ్చు ఊరికే ఆరుతుందా? పైన పొడిగా కనిపిస్తుంది, అడుగున తడి అలాగే ఉంటుంది. తువ్వాలుతో అద్ది, డ్రయ్యర్ తక్కువ వేడిలో దూరంగా పట్టి, వేలు పెట్టి చర్మం దాకా చూడు. నీ సంగతి నాకు తెలీదా, తడిజుట్టుతోనే జడేసుకుని బస్సెక్కేస్తావు. పోనీలే, నీకు తుమ్ములొస్తే నేను మిరియాల పాలు ఇస్తాను. దానికి మాత్రం మన మందులేవీ వద్దు. పారాసెటమాల్ ఒక్క బిళ్ల చాలు పిల్లి ప్రాణం తియ్యడానికి. కుక్కల పేలకి వాడే పెర్మెత్రిన్ మందూ అంతే. నేల ఫినాయిల్‌తో తుడవకు. అది నడిచి, పాదాలు నాక్కుంటుంది. బీరువాలో కలరా ఉండలున్నా తీసెయ్యి. మన ఇళ్లలో శుభ్రం అనుకునేవన్నీ దానికి విషాలే, ఏం చేస్తాం.

డబ్బులిచ్చే ముందు ఇంకో సంగతి. పిల్లికూనని వెలుగులో పట్టుకుని చెవుల చుట్టూ, ముఖం మీద, కాళ్ల మీద బొచ్చు ఊడిన గుండ్రటి మచ్చలున్నాయేమో చూడు. ఉంటే తామర కావచ్చు. ఈ జాతికి ఎక్కువగా వస్తుంది, మనుషులకీ అంటుకుంటుంది. పైకి ఏమీ కనిపించకుండా మోసేవీ ఉంటాయి, అందుకని ఇంటికి తెచ్చే ముందే డాక్టరుకి చూపించు. అమ్మేవాడు తొందరపెడితే లేచి వచ్చెయ్యి, ఇంకో పిల్ల దొరక్కపోదు.

మీ అమ్మకి నేను సర్దిచెబుతాలే.

మీ పెద్దమ్మ