రాయగడ ఇంట్లో పైన్ చెక్క పనికొస్తుందా? ఏ రకం, ఏ పనికి, ఎంత ఆరాక

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఒడిశాలోని రాయగడలో కొత్త ఇల్లు. ఒక మంచం, పుస్తకాల అర, బీరువా తలుపులు, హాల్లో ఒక గోడకి చెక్క పలకలు చేయించాలి. టేకు వద్దు, అడవికి చేటు చెయ్యని సాఫ్ట్‌వుడ్ కావాలి. వడ్రంగి మేస్త్రి మాత్రం "పైన్ ఏడాదిలో చెదల పాలవుతుంది" అంటున్నారు.

మేస్త్రి మాటలో సగం నిజం. పైన్‌కి తనంతట తాను చెదల్ని ఆపుకునే శక్తి లేదు. అయితే మన వైపు పైన్ సామాను పాడవడానికి చెదల కన్నా ముందున్న కారణం, సరిగ్గా ఆరని చెక్క. మంచం మెలి తిరిగినా, పలకల మధ్య సందులు వచ్చినా, తలుపు పట్టేసినా నింద చెట్టు మీద పడుతుంది. తప్పు చాలాసార్లు తేమది.

ముందు పేరు సంగతి. సాఫ్ట్‌వుడ్ అంటే మెత్తని చెక్క అని కాదు, సూదుల్లాంటి ఆకులుండే పైన్, స్ప్రూస్, దేవదారు జాతుల కలప అని. దూదిలా తేలికైన బాల్సా కూడా శాస్త్రం లెక్కలో హార్డ్‌వుడ్డే. బూరుగు, మామిడి, గుమ్మడి టేకు అన్నీ అటే. అడితిలో "సాఫ్ట్‌వుడ్ ఇవ్వండి" అంటే ఏదో ఒక మెత్త చెక్క అంటగడతారు కాబట్టి జాతి పేరుతోనే అడగండి. దారింగబాడిలో పైన్ చెట్లున్నాయి కదా అనకండి, అవి చూసి రావడానికే. మనకి దొరికే పైన్ ఎక్కువగా ఓడల్లో వచ్చేదే. దేశంలోకి వచ్చే దుంగల్లో పెద్ద భాగం గుజరాత్‌లోని కాండ్లా రేవులో దిగుతుంది, గాంధీధామ్ మిల్లుల్లో కోత పడుతుంది.

జాతుల తేడా ఇలా ఉంటుంది. రేడియేటా పైన్ న్యూజిలాండ్ తోటల్లో సుమారు 25-30 ఏళ్లకి కోతకొస్తుంది. ఆరిన చెక్క క్యూబిక్ మీటరుకి 500 కిలోల లోపు తూగుతుంది (టేకు 650 దాకా). సులువుగా కోతపడుతుంది, జిగురు బాగా పడుతుంది, మందు బాగా పీలుస్తుంది. అమెరికా నుంచి వచ్చే సదరన్ ఎల్లో పైన్ ఇంకా బరువు, గట్టి, కానీ జిగట ఎక్కువ. కెనడా హెమ్‌లాక్‌లో మామూలుగా జిగట నాళాలు ఉండవు. అందుకే రంగు వేసే తలుపులకి నా ఓటు దానికే. స్ప్రూస్ తేలిక, లేత రంగు, గోటితో నొక్కినా గుంట పడుతుంది కాబట్టి చెయ్యి తగలని గోడకి, సీలింగుకి బాగు. డగ్లస్ ఫర్ మంచం పట్టీలకి దిట్టం. వెస్టర్న్ రెడ్ సెడార్ పుచ్చదు గానీ మరీ మెత్తన, ఇనప మేకు తగిలిన చోట నల్ల మచ్చ వేస్తుంది, స్టెయిన్‌లెస్ స్టీలే వాడాలి. మీ జాబితాకి దాని అవసరం లేదు.

ఇక తేమ. రాయగడ వేసవిలో ఇంట్లో ఉన్న చెక్క సుమారు 9-10 శాతానికి దిగుతుంది, వానాకాలం చివరికి 15 దాటొచ్చు. బరంపురంలో సముద్రపు గాలి వల్ల అది అంత కిందికి దిగదు. అటు మహారాష్ట్రలోని సిరొంచ, బల్లార్షా వైపు వేసవి ఇంకా పొడి కాబట్టి ఊగిసలాట మనకన్నా ఎక్కువ. మీకు కావాల్సింది కిల్న్‌లో (వేడిగాలితో చెక్క ఆరబెట్టే గదిలో) ఆరి 10-12 శాతం మధ్య ఉన్న చెక్క. "ఎండలో ఆరబెట్టాం" అంటే లోపల 20 ఉండొచ్చు. పైన్ పలక, వలయాల వెంట కోసిందైతే, తేమ ఒక్క శాతం మారినప్పుడు వెడల్పులో పావు శాతం దాకా మారుతుంది. 750 మి.మీ. టేబుల్ పైపలకకి 10 నుంచి 15 శాతం మార్పు అంటే 9 మి.మీ. పైనే. దాన్ని అంచుల్లో స్క్రూలు దిగేసి బిగించారా, ఎండాకాలానికి నడిమిన చీలుతుంది. స్క్రూ కన్నాన్ని వెడల్పు దిశలో గాడిలా పొడుగ్గా తీయించి వాషరు వేస్తే పలకకి జరిగే చోటు ఉంటుంది.

పిన్నుల తేమ మీటరు ఉంటే సరే. లేకపోతే పలక చివర అడుగు వదిలేసి (చివరలు ముందే ఆరిపోతాయి కాబట్టి కొలత మోసం చేస్తుంది) అంగుళం ముక్క కోయించి, బంగారం తూచే చిన్న కాటాలో తూచండి. ఓవెన్‌లో 100-105 డిగ్రీల వద్ద బరువు తగ్గడం ఆగేదాకా ఉంచి మళ్లీ తూచండి. తగ్గిన బరువుని ఆరిన బరువుతో భాగించి వందతో గుణించడమే. 56 గ్రాములది 50కి దిగితే 12 శాతం. 60 గ్రాములది 50కి వచ్చిందంటే 20 శాతం, ఆ లోడు వెనక్కి పంపండి.

తేమతో పాటు చూడాల్సింది పలక చివర. వలయాల నడి గుండె అందులో కనిపిస్తే వద్దనండి. తోటల పైన్‌లో మొదటి పదేళ్ల చెక్క లేతది, ఆరేకొద్దీ మెలి తిరుగుతుంది. నీలి మచ్చలు కనిపిస్తే గాభరా పడక్కర్లేదు, అది బూజు రంగు, బలాన్ని పెద్దగా తీయదు. రంగు వేసే భాగానికి వాడుకోవచ్చు, ధర తగ్గించమని అడగొచ్చు కూడా.

చెక్క ఇంటికి వచ్చాక అదే రోజు కోత మొదలుపెట్టనివ్వకండి. సామాను ఉండబోయే గదిలోనే, నేలకి ఆరంగుళాల ఎత్తున, పలకకీ పలకకీ మధ్య అంగుళం పుల్లలు అడుగున్నరకొకటి పెట్టి పేర్చి, పైన బరువు ఉంచి, రెండు మూడు వారాలు వదిలేయండి. పుల్లలన్నీ ఒకదాని మీద ఒకటి నిట్టనిలువుగా రావాలి, లేకపోతే పేర్పే పలకల్ని వంచుతుంది. మేస్త్రికి రోజు కూలి పోతుందని ఈ దశ ఎగ్గొడతారు. పాడయ్యేది ఇక్కడే.

చెదల విషయానికి వద్దాం. గది లోపలి సామానుకి బోరాన్ చాలు. 10 లీటర్ల వేడి నీళ్లలో 600 గ్రాముల బోరాక్స్, 400 గ్రాముల బోరిక్ యాసిడ్ కలిపి, కోత, చిత్రిక పనులన్నీ అయ్యాక, పాలిష్ లేని వట్టి చెక్క మీద బ్రష్షుతో మూడు దఫాలు ధారాళంగా పట్టించండి. కోసిన చివరలకి, కన్నాలకి ఇంకా ఎక్కువ. ప్లాస్టిక్ కప్పి నాలుగైదు రోజులుంచితే మందు లోపలికి దిగుతుంది. తర్వాత మళ్లీ 12 శాతానికి ఆరాకే పాలిష్. చేతికి తొడుగులు వేసుకోండి, పిల్లలకి అందనివ్వకండి. బోరాన్ నీటికి కరిగిపోతుంది కాబట్టి బాత్రూమ్ గడపకి, బాల్కనీకి పనికిరాదు. బయటి పనికి మిల్లులో ప్రెషర్‌తో రాగి-క్రోమ్-ఆర్సెనిక్ ఎక్కించిన చెక్క దొరుకుతుంది గానీ దాని ముక్కలు, రంపపు పొట్టు పొయ్యిలో వేయకూడదు, ఆర్సెనిక్ పొగలోకి వస్తుంది. పునాదికే చెదల మందు కొట్టించి ఉంటే సగం పని అయినట్టే. ఇక బీరువాని గోడకి ఆనించకుండా రెండంగుళాలు వదిలితే చెదల మట్టి గీత వచ్చిన రోజే కంటపడుతుంది.

పుస్తకాల అరకి కొలత ముఖ్యం. 18 మి.మీ. పైన్ పలక, 10 అంగుళాల లోతు, మీటరుకి 30 కిలోల పుస్తకాలు అనుకుంటే, 600 మి.మీ. దూరానికి అర మిల్లీమీటరే వంగుతుంది. 900 మి.మీ.కి అదే రెండున్నర మిల్లీమీటర్లు, ఏడాది రెండేళ్లలో రెట్టింపవుతుంది, కంటికి కనిపిస్తుంది. దూరం ఒకటిన్నర రెట్లయితే వంపు ఐదు రెట్లు. కాబట్టి రెండడుగులకొక నిలువు పలక పెట్టించండి. లేదా ముందంచుకి నిలబెట్టిన 40 మి.మీ. పట్టీ అతికించండి.

మంచానికి పక్క పట్టీలు ఆరంగుళాలు, ఒకటిన్నర అంగుళం మందం, సదరన్ పైన్ లేదా డగ్లస్ ఫర్. అడ్డ పట్టీలు రేడియేటాలో 70 × 20 మి.మీ., 60 మి.మీ. సందుతో. ఆరున్నర అడుగుల మంచానికి 15 పడతాయి. నడిమిన కాళ్లున్న ఒక దూలం తప్పదు. పట్టీ నడిమిన అంచుకి ముడి ఉన్నది ఏరి పక్కన పెట్టండి, విరిగేది అక్కడే. కాలికీ పట్టీకీ జోడు మామూలు స్క్రూతో వద్దు. చివరకోత ముఖంలో స్క్రూ పట్టు నిలవదు, రెండుసార్లు ఊడదీస్తే జారుతుంది. బోల్టు, అడ్డంగా దిగే బారెల్ నట్ పెట్టించండి. 4 మి.మీ. స్క్రూ ఎక్కడ దింపినా ముందు 2.5-3 మి.మీ. కన్నం తొలవాలి.

బీరువా పెట్టె పైన్‌లో వద్దు, ఐఎస్ 710 ముద్ర ఉన్న, నీటిని తట్టుకునే మెరైన్ ప్లై మేలు. తలుపులకి మాత్రం హెమ్‌లాక్ ఫ్రేము, మధ్యలో జిగురు పెట్టని పలక. మార్కెట్‌లో దొరికే 8 × 4 అడుగుల ఫింగర్ జాయింట్ (చిన్న ముక్కల్ని పళ్లు పళ్లుగా కోసి అతికించిన) పైన్ బోర్డు తెస్తే రెండు ముఖాలకీ ఒకే సంఖ్యలో కోట్లు వెయ్యాలి. లోపలి వైపు వదిలేస్తే బోర్డు దోనెలా తిరుగుతుంది.

గోడ పలకలకి తొందరపడకండి. కొత్త ప్లాస్టరింగ్ మీద రెండడుగుల ప్లాస్టిక్ షీటు నాలుగు వైపులా టేపుతో అతికించి ఒక రోజు ఉంచండి. వెనక చెమ్మ కనిపిస్తే ఇంకా ఆగాలి. వాన జల్లు కొట్టే బయటి గోడకైతే అసలు వద్దు. మిగతా చోట 20 మి.మీ. పట్టీలు 400 మి.మీ.కొకటి కొట్టి, వాటి మీద పలకలు, కింద నేలకి 15, రెండు చివర్ల గోడకి 10 మి.మీ. సందు.

పైన్‌ని టేకు రంగు పూసి మురిపించే పని మాత్రం మానండి. మెత్త గీతలు రంగు ఎక్కువ తాగుతాయి, గట్టి గీతలు తాగవు, దాంతో సహజమైన గీత తిరగబడి మరకల్లా కనిపిస్తుంది. 180 నంబరు గరుకు కాగితంతో రుద్దడం ఆపి, నీటి ఆధారిత పీయూ (పాలీయురెథేన్ పాలిష్) వేస్తే లేత రంగు ఎక్కువ కాలం నిలుస్తుంది. మామూలు పీయూ పచ్చబడుతుంది. తెల్ల రంగు వేసేట్టయితే ప్రతి ముడి మీదా స్పిరిట్‌లో కరిగించిన లక్క రెండు కోట్లు ముందు పడాలి. లేకపోతే ఆరు నెలల్లో గోధుమ మచ్చ పైకి తేలుతుంది.

"అడవికి చేటు లేదు" అనేది ఎలా తేల్చుకోవాలంటే, బోర్డు మీది ఆకుపచ్చ ముద్ర చాలదు. బిల్లు మీద ఎఫ్‌ఎస్‌సీ లేదా పీఈఎఫ్‌సీ (అడవుల్ని బాధ్యతగా చూస్తున్నారని ధ్రువీకరించే సంస్థలు) ఇచ్చిన చైన్ ఆఫ్ కస్టడీ నంబరు, అంటే చెక్క అడవి నుంచి కొట్టు దాకా ఎవరి చేతులు మారిందో చూపేది, ఉండాలి, దాన్ని ఆయా సంస్థల సైట్‌లో వెతికితే కొట్టు పేరు రావాలి. రాకపోతే అది మామూలు చెక్కే. నా అభిప్రాయం ఒకటి చెప్తాను: మంచం పట్టీలు తప్ప మిగతా వాటికి రైతు గట్ల మీది గుమ్మడి టేకు, ఒడియాలో గంభారి అంటారు, దొరికితే సముద్రాలు దాటొచ్చిన పైన్ కన్నా నేను దానికే మొగ్గుతాను. తేలిక, తక్కువ కదులుతుంది. పేరుకి హార్డ్‌వుడ్ అయినా పని మీరు కోరినదే. అయితే అది నరకడానికి, తరలించడానికి అటవీశాఖ అనుమతి గురించి రేంజ్ ఆఫీసులో ముందే అడగాలి.

కొలతల్లో మోసపోకండి. సీఎఫ్‌టీ (ఘనపుటడుగు) లెక్క: పొడవు అడుగుల్లో × వెడల్పు × మందం అంగుళాల్లో ÷ 144. పై పక్క పట్టీ 6.5 × 6 × 1.5 ÷ 144 అంటే 0.41. బిల్లు ఒకటిన్నర అంగుళానికి వేసి, చిత్రిక పట్టాక 35 మి.మీ. ఇచ్చే చోట్లున్నాయి, ఏ కొలతకి ధరో ముందే రాయించుకోండి. విశాఖ లేదా విజయనగరం నుంచి తెస్తే విలువ 50 వేలు దాటిన లోడుకి ఈ-వే బిల్లు, దిగుమతి చెక్క అని చూపే పత్రం నకలు బండిలోనే ఉండాలి, సరిహద్దు చెక్‌పోస్టులో చెక్క బండిని ఆపడం మామూలే. జూలై నుంచి సెప్టెంబరు మధ్య తెప్పించక తప్పకపోతే టార్పాలిన్ లోపల పలకల కట్టకి విడిగా ప్లాస్టిక్ చుట్టించండి. 11 శాతం అని కొన్న చెక్క ఘాట్ మీద ఒక్క వానకి తడిస్తే మూడు వారాల పేర్పు మళ్లీ మొదటి రోజు నుంచే లెక్క.