సెకండ్‌హ్యాండ్ 5320జి: చంద్రుణ్ణి తర్వాత చూద్దురు, ముందు లీప్ ఇయర్ కిటికీ చూడండి

హైదరాబాద్‌లో ఒక డీలర్ దగ్గర పటేక్ ఫిలిప్ కంపెనీ 5320జి వాచీ సెకండ్‌హ్యాండ్‌లో చూశానన్నారు. ఇంత ఖరీదైన పర్పెచువల్ క్యాలెండర్ రోజూ పెట్టుకోవచ్చా, కొనేముందు ఏం చూడాలి అని అడిగారు. క్రీమ్ డయల్‌ది నా దగ్గర కొన్నేళ్లుగా ఉంది కాబట్టి చెప్తున్నాను.

రోజూ పెట్టుకుంటే దీనికన్నా సులువైన వాచీ లేదండీ. నెలకి 30 రోజులా 31 రోజులా, ఫిబ్రవరికి 28 రోజులా 29 రోజులా అన్నది అదే చూసుకుంటుంది. లోపల నాలుగేళ్ల లెక్కంతా ఒక చిన్న చక్రం అంచున లోతు తక్కువ, లోతు ఎక్కువ గాడులుగా కోసి ఉంటుంది. ఒక మీట ఆ గాడిలోకి ఎంత దిగితే నెలాఖరున తేదీ అంత దూకుతుంది. 2100 నాలుగుతో భాగించబడినా లీప్ ఇయర్ కాదు కాబట్టి, ఆ ఏడాది ఫిబ్రవరి 28 తర్వాత ఎవరో ఒకరు చేత్తో సరిచేయాలి. ఆ పని మన మనవలది.

టెన్షనంతా తీసి పక్కన పెట్టినప్పుడే. పవర్ 35 నుంచి 45 గంటలే ఉంటుంది. శుక్రవారం రాత్రి బీరువాలో పెడితే సోమవారం పొద్దున్నకి ఆగిపోయి ఉంటుంది. రెండు మూడు రోజులే ఆగితే నేను కరెక్టర్ల (క్యాలెండర్ సరిచేసే చిన్న బటన్ల) జోలికి పోను. క్రౌన్ (పక్కనుండే తిప్పే గుండీ) లాగి ముళ్లను ముందుకు తిప్పుతాను. గంటల ముల్లు రెండు చుట్లు తిరిగితే ఒక రోజు. వారం, తేదీ, చంద్రకళలు చూపే చంద్రుడి బొమ్మ అన్నీ కలిసే కదులుతాయి. ఎక్కువ రోజులు ఆగితే మాత్రం కేసు (వాచీ బాడీ) పక్కనున్న ఆ బటన్లను వాచీతో వచ్చే పుల్లతో ఒక్కొక్కటే నొక్కాలి. క్యాలెండర్ మారే రాత్రి గంటల్లో నొక్కితే లోపలి చక్రాల పళ్లు దెబ్బతింటాయి. 7, 8 అంకెల మధ్య పగలు-రాత్రి చూపే గుండ్రటి కిటికీ ఉన్నది ఆ సంగతి తెలియడానికే.

అసలు చూడాల్సింది రెండో వైపు, 4, 5 అంకెల మధ్యనున్న లీప్ ఇయర్ కిటికీ. అందులో 1 నుంచి 4 దాకా అంకెలుంటాయి. లీప్ ఇయర్‌కి 4. 2024 లీప్ ఇయర్ కాబట్టి 2025లో 1, 2026లో 2, 2027లో 3 కనపడాలి. నేను చూసిన ఒక వాచీలో వారం, తేదీ, నెల, చంద్రుడు అన్నీ సరిగ్గానే ఉన్నాయి, ఇది మాత్రం ఒక ఏడాది ముందుంది. అమ్మేవాడికి ఆ సంగతే తెలియదు! ఏదో ఒక ఫిబ్రవరి ఆఖరున తేదీ తప్పేదాకా ఎవరికీ తెలియదు కూడా. వెనక్కి తిప్పే దారి లేదు కాబట్టి, సరిచేయాలంటే నెల బటన్‌ని 36 సార్లు నొక్కాలి. అడగండి, మీ ముందే నొక్కించండి. ప్రతి నొక్కుకీ నెల శుభ్రంగా మారుతుందో లేదో, ఎక్కడైనా సగంలో ఆగుతుందో దాంతోనే తేలిపోతుంది.

అందం మాటకొస్తే, 2017లో వచ్చిన ఈ మోడల్ నాకు నచ్చింది వారం, నెల పైన ఒకే వరుసలో పక్కపక్కన కనపడే పద్ధతి వల్ల. 1941 నాటి పటేక్ పాత మోడల్ నంబరు 1526లో ఉన్న అమరిక అదే. చీకట్లో మెరిసే అంకెలు, సిరంజి ఆకారం ముళ్లు ఇంకో పాత మోడల్ నంబరు 1591 నుంచి తీసుకున్నారు. స్టీల్‌లో చేసిన ఒక 1591ని మన దేశపు మహారాజా ఒకరు పోలో ఆడేటప్పుడు పెట్టుకునేవారని చెప్తారు. మీరు మాత్రం దీన్ని ఆటలకి, ఈతకి పెట్టుకోకండి. వాటర్ రెసిస్టెన్స్ 30 మీటర్లంటే చేతులు కడుక్కునేటప్పుడు పడే నీళ్లకి తట్టుకుంటుందని మాత్రమే అనుకోండి. మన ఎండలకి మొసలి తోలు స్ట్రాప్ చెమటతో తొందరగా పాడవుతుంది, వేసవికి వేరే స్ట్రాప్ పెట్టుకోండి.

కాగితాల్లో సర్టిఫికెట్ మీద నంబరు, కేసు మీద నంబరు ఒకటేనా చూడండి. విదేశాల నుంచి తెచ్చిందైతే కస్టమ్స్ డ్యూటీ కట్టిన రసీదు అడగండి. లేదంటే మీకు మళ్లీ అమ్ముకునేటప్పుడు ఇబ్బంది. 2025 ఏప్రిల్ 22 నుంచి 10 లక్షలు దాటిన వాచీల మీద 1 శాతం టీసీఎస్ (అమ్మేవాడు మన దగ్గర వసూలు చేసి కట్టే పన్ను) ఉంది, అది మన ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌లో సర్దుబాటవుతుంది.

లాభానికి కొంటున్నట్లయితే నా సలహా వద్దనే. ఈ క్యాలెండర్ అనుభవం ఎలా ఉంటుందో చూడాలనిపిస్తే, ఫ్రెడరిక్ కాన్‌స్టంట్ అనే వాచీల కంపెనీ 2016లో 10 వేల డాలర్లలోపు ధరకే పర్పెచువల్ క్యాలెండర్ తెచ్చింది. ఒక ఏడాది దాన్ని పెట్టుకున్నాక కూడా 5320జి కావాలనిపిస్తే అప్పుడు కొనండి.