చదువుకున్న బడికి వీలునామాలో ఎలా రాయాలి?

ప్రశ్న: మాది అచ్చంపేట దగ్గరి పల్లె. నర్సుగా రిటైరయ్యాను, వయసు 68. భర్త లేరు. కొడుకు, కూతురు హైదరాబాద్‌లో ఉంటున్నారు. సొంత సంపాదనతో కట్టుకున్న ఇల్లు, 25 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఉన్నాయి. వాటికి నామినీ మా అబ్బాయి. నా తదనంతరం 5 లక్షలు నేను చదివిన జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు చెందాలి. తల్లిదండ్రులు వలస పోతే ఆడపిల్లల చదువు పదో తరగతి దాకా సాగడం లేదు. వీలునామాలో ప్రధానోపాధ్యాయుడి పేరు రాస్తే చాలా?

జవాబు: మీ ఆస్తిపై మీకు సంపూర్ణ హక్కు ఉంది కాబట్టి, ఇష్టమొచ్చినవారికి వీలునామా ద్వారా రాయవచ్చు. అయితే ప్రధానోపాధ్యాయుడి పేరు మాత్రం రాయవద్దు. ఆయన బదిలీ అయినా, పదవీ విరమణ చేసినా ఆ సొమ్ము వ్యక్తిగా ఆయనకు ఇచ్చారా, బడికి ఇచ్చారా అన్న తగాదా పుడుతుంది. బడి పూర్తి పేరు, గ్రామం, మండలం, జిల్లా రాసి, దాన్ని నిర్వహిస్తున్న జిల్లా పరిషత్ పేరునూ చేర్చండి. ఆ బడి మూతపడినా మరో బడిలో కలిసినా సొమ్ము ఏ బడికి వెళ్లాలో కూడా అక్కడే చెప్పండి.

ఉద్దేశం కూడా స్పష్టంగా ఉండాలి. కేవలం ‘ధర్మానికి’ అని రాసిన దానం అస్పష్టత వల్ల చెల్లదని 1899లోనే, బ్రిటిష్ పాలనలో మనకు చివరి అప్పీలు కోర్టుగా ఉన్న ప్రీవీ కౌన్సిల్ తేల్చింది. ‘తల్లిదండ్రులు వలస వెళ్లిన కుటుంబాల్లోని 8, 9, 10 తరగతుల బాలికల పుస్తకాలకు, ప్రయాణానికి, వసతికి’ అని రాస్తే అర్థంలో సందేహం మిగలదు.

మీరు గట్టిగా ఆలోచించవలసింది నామినీ గురించి. బ్యాంకు డిపాజిట్ సొమ్మును మీ అబ్బాయికి చెల్లించి తన బాధ్యత తీర్చుకుంటుంది. అంతమాత్రాన అది ఆయన సొంతమైపోదు, వీలునామాలో పేరున్నవారి తరఫున ఆయన చేతిలో ఉన్నట్టే. కానీ బ్యాంకు మీ వీలునామాను అడగదు, బడికి ఆ సంగతి తెలియకపోవచ్చు. అందుకే వీలునామాను అమలు చేసే బాధ్యత ఎవరిదో పేరుతో రాయండి. నా మటుకు ఆ పని కూతురికి అప్పగించి, విషయం ఇద్దరు పిల్లలకూ ఇప్పుడే చెప్పడం మేలు. చెప్పకుండా రాసిన దానాన్ని పిల్లలు అవమానంగా తీసుకున్న ఇళ్లను చూశాను, అది వారి తప్పూ కాదు.

డిపాజిట్ నంబరు వేసి ఆ సొమ్మే బడికి అని రాయవద్దు. ఆ డిపాజిట్‌ను మధ్యలో వైద్యానికి తీసి వాడుకుంటే దానితోపాటు దానమూ పోతుంది. ‘అప్పులు, అంత్యక్రియల ఖర్చులు పోగా మిగిలిన బ్యాంకు సొమ్ములో ఐదో వంతు’ అని రాస్తే, సొమ్ము తగ్గినా పెరిగినా పిల్లల వాటా, బడి వాటా అదే నిష్పత్తిలో నిలుస్తాయి.

5 లక్షలను శాశ్వత నిధిగా ఉంచి, వడ్డీ మాత్రమే ఖర్చు చేయించాలని మీకు అనిపించవచ్చు. ఆలోచన మంచిదే, 6.5 శాతం వడ్డీ వస్తుందనుకుంటే ఏటా 32,500 రూపాయలు. కానీ డిపాజిట్‌ను ఏళ్ల తరబడి చూసుకునేవారు కావాలి, సంతకం చేసే అధికారి మారిన ప్రతిసారీ బ్యాంకు పత్రాలు మార్చాలి, పైగా ధరలు పెరిగేకొద్దీ ఆ వడ్డీతో జరిగే పని తగ్గుతూ వస్తుంది. ఇంత చిన్న మొత్తానికి కొత్త ట్రస్టు పెట్టి లెక్కల ఆడిట్ ఖర్చు మోయడమూ తగదు. మీ కూతురు ఏటా లక్ష చొప్పున అయిదేళ్లు చెల్లించేలా రాయమని నా సలహా.

వీలునామాకు స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. మీరు సంతకం చేస్తుండగా చూసిన ఇద్దరు సాక్షులు మీ ఎదుటే సంతకాలు చేయాలి. వారు మీకన్నా చిన్నవారై, లాభం పొందనివారై ఉంటే మంచిది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా సబ్-రిజిస్ట్రార్ కార్యాలయంలో చేయించండి.

ఒక పని మాత్రం ఈ ఏడాదే చేయండి. 20 వేలు బడికి చెక్కుగా ఇచ్చి, అది ఏ ఖాతాలో పడింది, రసీదు ఇచ్చారా, ఏ అమ్మాయికి చేరింది అన్నది చూడండి. అక్కడ కనిపించిన లోపాలను బట్టి వీలునామాలోని షరతులు సరిచేసుకోవచ్చు. మీ జీవితకాలంలో దాన్ని ఎన్నిసార్లయినా మార్చుకునే హక్కు మీకుంది, చివరగా రాసినదే చెల్లుతుంది.