చెర్నోబిల్‌లో ప్రకృతి కోలుకుందంటారు, నిజమేనా? వెళ్లినవాళ్లకు భయం వేయలేదా?

1986లో అణు రియాక్టర్ పేలిన ఆ చోటికి 2019 అక్టోబరులో వెళ్లాను. అప్పట్లో ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో మెడిసిన్ చదువుతున్నాను. బస్సులో రెండు గంటలు. చెక్‌పోస్ట్ దగ్గర పాస్‌పోర్ట్ చూసేవారు, ఫుల్ హ్యాండ్స్ చొక్కా లేకపోతే లోపలికి పంపేవారు కాదు.

భయం వేసింది, నాచు దగ్గర. ప్లాంటు ఉద్యోగులు ఉండి, ప్రమాదం తర్వాత ఖాళీ అయిన ప్రిప్యాత్ ఊళ్లో మేం నడిచేది ఒకప్పటి పెద్ద రోడ్డని గైడ్ చెబితేగానీ తెలియలేదు, అంత చిక్కగా చెట్లు. తారు పగుళ్ల నిండా పచ్చటి నాచు. గైడ్ నడుము ఎత్తులో పట్టుకున్నప్పుడు రేడియేషన్ కొలిచే డోసిమీటర్ మామూలుగానే ఉంది. వంగి నాచు దగ్గర పెట్టగానే కీచుకీచుమని అరవడం మొదలుపెట్టింది. పేలుడులో బయటపడ్డ రేడియోధార్మిక పదార్థం సీజియం-137 అక్కడ నిలిచిపోతుంది. దాని అర్ధాయుష్షు, అంటే సగం తరిగిపోవడానికి పట్టే కాలం, 30 ఏళ్లు, కాబట్టి 1986లో పడినదాంట్లో సగానికి దగ్గరగా అప్పటికీ ఉన్నట్టే.

పక్కనే ఓ ఆపిల్ చెట్టు, విరగకాసింది. రాలిన కాయలు సగం కొరికేసి ఉన్నాయి. అడవిపందుల పని అంది గైడ్. మా బ్యాచ్ అబ్బాయి ఒక కాయ అందుకోబోతే గబుక్కున చెయ్యి పట్టుకుని ఆపింది. పందుల్ని ఆపేవాళ్లెవరు?

"రేడియేషన్ జంతువుల్ని ఏమీ చేయదు" అనే వీడియోలు చూస్తే నాకు ఒళ్లు మండేది అందుకే. 1998లో తెచ్చి వదిలిన ప్రెజ్వాల్స్కీ అనే అడవి గుర్రాలు వందకు పైగా అయ్యాయి, ఏడింటిని నేనే చూశాను. బెలారుస్ వైపు తోడేళ్లు మామూలు అభయారణ్యాల్లో కంటే ఏడు రెట్లున్నాయని 2015లో లెక్క తేల్చారు. ఒప్పుకుంటాను. కానీ అవి పెరిగింది వేటా, పొలాలూ, బండ్లూ లేకపోవడం వల్ల. ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టారు సరే, ఎలా ఉన్నాయో? రేడియేషన్ ఎక్కువున్న చోట్ల పక్షులు తగ్గాయని వాటిమీద పనిచేసినవాళ్లు రాశారు, దాన్ని ఎవరూ షేర్ చేయరు.

ఇంకో బాధ. పిల్లల బడిలో మంచాల మీద బొమ్మలకి గ్యాస్ మాస్కులు తొడిగి ఉన్నాయి. ఫొటోల కోసం టూరిస్టులే అలా సర్దిపెట్టేవారట. ఆ మంచాల మీద పడుకున్న పిల్లలు బతికే ఉన్నారు, నలభై ఏళ్లవాళ్లు. మూడు రోజుల్లో వచ్చేయొచ్చని చెప్పి 1986 ఏప్రిల్ 27న దాదాపు 49,000 మందిని బస్సులెక్కించారు. ఆ ఇళ్లలో నవ్వుతూ సెల్ఫీలు దిగడానికి మనసెలా ఒప్పుతుంది?

ఇప్పుడు వెళ్దామన్నా కుదరదు. 2022 ఫిబ్రవరిలో రష్యా సైన్యం ఆ దారినే కీవ్ మీదికి వచ్చింది, అప్పటి నుంచి టూర్లు లేవు. అడవిలో మందుపాతరలు కూడా ఉన్నాయి.