ప్రీమియం పెరిగింది ఆయన జబ్బు వల్ల కాదండీ

డాలస్‌లో మీ ఆఫీసులో 12 మందే, హెల్త్ ఇన్సూరెన్స్ రెన్యువల్ లెటర్‌లో ప్రీమియం బాగా పెంచేశారు, ఒకాయనకు క్యాన్సర్ రావడమే కారణమేమో అని రాశారు కదా. ఆ అనుమానం దయచేసి మనసులోంచి తీసేయండి. 2014 నుంచి ఒబామాకేర్ అనే అమెరికా ఆరోగ్య బీమా చట్టం కింద మీలాంటి చిన్న ఆఫీసుల గ్రూపులకు రేటు కట్టేటప్పుడు ఎవరి జబ్బూ చూడకూడదు. వయసు, ఊరు, పొగాకు అలవాటు, ఎంతమందికి కవరేజీ, ఏ ప్లాన్, ఇవే లెక్క. మా ఆఫీసుకొచ్చిన లెటర్ చివరి పేజీలో మనిషి మనిషికీ విడిగా రేటు వేశారు, 27 ఏళ్ల కుర్రాడి కంటే 58 ఏళ్ల పెద్దాయనకు రెట్టింపు దాటింది. మీదీ తీసి చూడండి.

ఫుల్‌టైమ్ వాళ్లు 50 మంది లోపే కాబట్టి ఇన్సూరెన్స్ ఆపేసినా మీకు పెనాల్టీ పడదు, కానీ ట్రీట్‌మెంట్ మధ్యలో ఉన్న మనిషిని తలుచుకుంటే నేను ఆ సలహా ఇవ్వలేను. 2020 నుంచి ఐసీహెచ్‌ఆర్‌ఏ అని ఒక పద్ధతి ఉంది, నెలకు ఇంత అని మీరు నిర్ణయిస్తే ఎవరి ప్లాన్ వాళ్లు కొనుక్కుంటారు, ఆ డబ్బుకు పన్ను ఉండదు, మీ ఖర్చు మీ చేతిలో ఉంటుంది. అయితే మారేముందు ఆయన క్యాన్సర్ డాక్టర్ కొత్త ప్లాన్ నెట్‌వర్క్‌లో, అంటే ఆ ప్లాన్ ఒప్పుకునే డాక్టర్ల లిస్టులో, ఉన్నారో లేదో ఆయనతో కూర్చుని చూడండి. ఏడాది మధ్యలో మారితే డిడక్టిబుల్, అంటే ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలుపెట్టేముందు మన జేబులోంచి కట్టే మొత్తం, మళ్లీ మొదటికొస్తుంది, జనవరికి పెట్టుకోండి.